మూత పెట్టిన కెమెరా

“కదలకుండా కూకుని సూడు. మద్దిలో వైరు ఊడిందంటే మళ్ళీ మొదట్నుంచి ఎక్కించాల” అని చెప్పి ఎల్లాజీ వసారాలోకి వెళ్ళాడు. ఉష తల ఊపింది. నాన్న ఏం చెప్పినా ఆమె జవాబు తల ఊపడమే.

పాత వీడియో కెమెరా నుంచి మూడు రంగుల వైర్లు కంప్యూటర్ దాకా వచ్చాయి. గంట టేపు ఎక్కడానికి గంటా పడుతుంది. ఎవరో ఒకరు కూర్చుని చూస్తూ ఉండాలి. పాలు పొంగకుండా, ఎండుచేపల మీద కాకి వాలకుండా చూసే పనుల్లాగే ఇదీ ఆ ఇంట్లో ఆడవాళ్ళ వంతుకే వచ్చింది. రేపు తాత సంవత్సరీకం. పదిహేడేళ్ళ కిందట తాత కొత్త పడవ దింపినరోజు నాన్న తీసిన టేపు ఇది. అందులో తాత నవ్వుతాడట. ఆ నవ్వు రేపు వచ్చే ముప్పైమందికీ టీవీలో చూపించాలట.

శ్రీకాకుళం కాలేజీలో చేరడానికి కూడా రేపే ఆఖరి రోజు. ఫారం ఉష డైరీలో నాలుగు మడతల్లో ఉంది, తల్లో తండ్రో సంతకం చేసే చోటు ఖాళీగా. మొన్న అడిగితే నాన్న కసరలేదు. “ఆరోజు ముప్పైమందికి వంటే. మీయమ్మ ఒక్కతీ సెయ్యగలదేటి? సదువెక్కడికీ పారిపోదులే” అని మెత్తగా అన్నాడు. కసిరినా బాగుండేది. కనీసం డైరీలోనైనా ఎదురు చెప్పేది.

టేపు తిరుగుతోంది, తెర మాత్రం నల్లగా ఉంది. ఉష కంగారు పడలేదు. ఉప్పుగాలికి పాడవుతుందని నాన్న కెమెరాకి ఎప్పుడూ మూత పెట్టేసేవాడు. మూత పెడితే కెమెరా ఆగిపోయినట్టేనని అనుకునేవాడు.

ఆ నలుపులోంచి ఎవరో, “నమస్తే సార్” అన్నారు.

ఉష తెర దగ్గరికి జరిగింది. అది తన గొంతు. డైరీ రాసుకునేటప్పుడు లోపల పలికే గొంతు. తను పుట్టకముందు తీసిన టేపులోకి ఎలా వచ్చింది?

“నా పేరు తులసి. మాది కళింగపట్నం. ఇంటర్ ఫస్టు క్లాసులో పాసయ్యాను.”

అమ్మ! అమ్మకి ఇలాంటి గొంతు ఉండేదని ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు అమ్మ అనేవి మూడే మాటలు: వడ్డించనా, అయిపోయింది, ఏం లేదు.

“నర్సు ట్రైనింగుకి ఎందుకొచ్చావమ్మా?” గొంతు బొంగురు చేసుకుని తనే అడిగింది. “మా రేవులో జొరమొస్తే సూదేసేవాళ్ళు లేరు సార్” అని తనే చెప్పి ఫక్కున నవ్వింది. మళ్ళీ బొంగురు గొంతు: “పెళ్ళయింది కదా, ఇంట్లో ఒప్పుకున్నారా?”

జవాబు రాలేదు. సముద్రం హోరు ఒక్కటే. ఉష స్పీకరుకి చెవి ఆనించింది. ఆరేళ్ళ కిందట చనిపోయిన నాయనమ్మ ఆ చెవిలోనే అరిచింది.

“ఒసే తులసీ! ఎవర్తితోనే ఆ మాటలు? ముప్పైమంది ఇస్తర్ల ముందు కూకుంటే నువ్వు గోడతో కబుర్లాడతన్నావా?”

“ఎవరితోనూ లేదత్తా.”

గాజుల చప్పుడు దూరమైంది. చాలాసేపు మళ్ళీ సముద్రమే. తరవాత మూత తీశారు. ఎండ. తాత నవ్వాడు. విస్తళ్ళ మీదికి గాజుల చెయ్యి ఒకటి వచ్చింది, అన్నం వడ్డిస్తూ. “అడ్డం తప్పుకోయే” అంది నాన్న గొంతు. చెయ్యి తప్పుకుంది. టేపు అయిపోయేదాకా ఆ చేతికి మొహం రాలేదు.

ఉష వెనక్కి తిరిగింది. గుమ్మంలో తులసి నిలబడి ఉంది, చేతులకి చేప పొలుసులతో. ఎప్పట్నుంచి వింటోందో.

“ఆ ఇంటర్వ్యూకి ఎల్లావా అమ్మా?”

“ఆరోజేనే అది.” తులసి తెర వైపు చూపించింది. “ఎల్లనని అప్పటికే తెలిసిపోయింది. ఊరికే సెప్పుకున్నాను.”

వసారాలోంచి ఎల్లాజీ కేకేశాడు. “ఒసే ఉషా, ముందున్న నల్లటి ముక్క కోసి పారెయ్యే. దాన్లో ఏటీ లేదు.”

ఉష తల ఊపలేదు. ఆ నల్లటి ముక్కను వేరే ఫైలుగా దాచి, ‘తులసి’ అని పేరు పెట్టింది.

తులసి కొంగుకి చేతులు తుడుచుకుంది. “ఆ కాయితం ఇలా తే.”

డైరీలో ఉన్న సంగతి అమ్మకెలా తెలుసో ఉష అడగలేదు. తులసి అక్షరం అక్షరానికీ ఆగుతూ సంతకం పెట్టింది. పక్కన ఒక పొలుసు అంటుకుని మెరిసింది.

“ఆరింటి బస్సుకి ఎల్లిపో. వంట నేను సేస్తాను. వడ్డనకి మీ నాన్న లేడేటి? ఆయనకి సేతుల్లేవా?”

కాగితం ఇచ్చినట్టే ఇచ్చి వదల్లేదు. గొంతు బొంగురు చేసుకుంది.

“ఇంట్లో ఒప్పుకున్నారా?”

ఉష నిటారుగా నిలబడింది. మాట ఆ నలుపులోని గొంతుతోనే వచ్చింది.

“మా అమ్మ ఒప్పుకున్నాది సార్.”