వీపున కట్టిన బెండు

నేను ఒక ఈతబెండును. చేనిగట్టున ఎండిన కిత్తనార మొక్క కాడను కోసి, మూడు ముక్కలు చేసి, తాడుతో బిగించి కట్టాడు కుళ్లాయప్ప. మొదట అతని అన్న పిల్లల వీపులెక్కాను. వాళ్లకు ఈత నేర్పింది వెనకనుంచి బావిలోకి తోసి. మనుషులు దాన్ని భయం పోగొట్టడం అంటారు. ఆ వీపులు ఎంత వణికాయో నాకు తెలుసు.

తర్వాత కుళ్లాయప్ప ఓ బడిలో నేర్పేవాడిగా చేరుతూ నన్నూ తీసుకెళ్లాడు. అక్కడ ఏం నేర్చుకోవాలో పిల్లలే మీటింగు పెట్టుకుని తేల్చుకుంటారు. నేర్పేవాళ్లకైనా పిల్లలకైనా ఓటు ఒక్కటే.

ఒక మీటింగులో తొమ్మిదేళ్ల హంసవేణి లేచి, "నాకు ఈత కావాల" అంది. అంతకుముందు ఏడాదే ఆ పిల్ల అన్న చెరువులో మునిగి చనిపోయాడు.

కబురు తెలిసి తల్లి సుంకమ్మ వచ్చింది. "ఒకణ్ని నీళ్లకిచ్చినా. దీనికేం తెలుసునప్పా? పెద్దోళ్లు మీరన్నా వద్దనల్ల గదా" అంది కుళ్లాయప్పతో.

హంసవేణే మాట్లాడింది. "నాకూ బయమే అమా. అందుకే నేర్చుకుంటా."

కుళ్లాయప్ప నీళ్లలో ఉంటేనే దిగాలి, ఎప్పుడు దిగేదీ హంసవేణే చెప్పాలి అని మీటింగులో సుంకమ్మకూ ఓటిచ్చి, చేతులెత్తి తీర్మానించారు. సుంకమ్మ చెయ్యెత్తలేదు.

హంసవేణి నన్ను కట్టుకుని దిగుడుబావి మెట్టుమీద కూర్చునేది. ఆ గుండెదడ నా పీచులోకి పాకేది. కింది మెట్టుపై, నడుముల్లోతు నీళ్లలో కుళ్లాయప్ప పిలవకుండా నిలబడేవాడు. అతనికీ భయమే, చెప్పేవాడు కాదు. చాలా సాయంత్రాలు తడవకుండానే తిరిగొచ్చాం. ఒకనాడు దిగింది. ఎండాకాలం ముగిసేసరికి నాలో రెండు ముక్కలు తీసేసింది.

చివరి ముక్క విప్పిన రోజు సుంకమ్మ గట్టుమీద ఉంది. పిల్ల నన్ను మెట్టుమీద పెట్టి దూకింది. బుడగలు వచ్చాయి. ఆగిపోయాయి. తల కనిపించలేదు. తేలడం తప్ప ఏదీ చేతకాని నేను ఒడ్డున పడి ఉన్నాను. కుళ్లాయప్ప వెతకడానికి మునగబోయేంతలో అవతలి గోడ దగ్గర తల లేచింది. హంసవేణి దగ్గుతోంది, నవ్వుతోంది.

సుంకమ్మ కూలబడి ఏడ్చింది. చాలాసేపటికి మెట్లు దిగి నన్ను చేతిలోకి తీసుకుంది.

"నేను దిగల్లన్నా మీ మీటింగులో అడగల్లనా?"

"అడుగమా. నేను చెయ్యెత్తుతా" అంది హంసవేణి.

ఇప్పుడు నేను, మళ్లీ మూడు ముక్కలుగా, సుంకమ్మ వీపున ఉన్నాను. ఆ వీపు రాయిలా బిగుసుకుంది. కింద నీళ్లు నల్లగా ఉన్నాయి. మేమింకా పై మెట్టుమీదే కూర్చున్నాం. నీళ్లలోంచి హంసవేణి మావైపే చూస్తోంది, పిలవకుండా.