హిసానో గెలవాలి

పసుపుపచ్చ కాగితపు చుట్టలోని అట్టగొట్టాన్ని బొటనవేలితో నెట్టి బయటికి తీసి, వదులైపోయిన కాగితాన్ని మళ్ళీ బిగించి చుట్టి బుట్టలో వేసింది హరుయె. మరొకటి అందుకుంది. కుస్తీ బరిలో వస్తాదు పేరు ప్రకటించిన క్షణాన నాలుగు వైపుల నుంచీ అభిమానులు ఈ చుట్టలు విసురుతారు. కొస చేతిలోనే ఉంచుకోవాలి. అప్పుడే కాగితం గాలిలో విప్పుకుంటూ వెళ్ళి బరి చుట్టూ కట్టిన తాళ్ళ మీద వాలుతుంది. లోపల గొట్టం ఉండిపోతే ఏ అమ్మాయి కంటికో తగులుతుంది. కనుక ఎవరో ఒకరు కూర్చుని ఆ గొట్టాలు తియ్యాలి. ఛాంపియన్ షిరానె రుకా అభిమాన బృందానికి ఆ ఎవరో ఒకరు హరుయె. బృందంలో ఆమెకు సభ్యత్వం లేదు.

"కాస్త గట్టిగా చుట్టు," అన్నాడు ఆమె భర్త తెత్సురో, మైకు తీగల చిక్కు విడదీస్తూ. "పోయినసారి ఒకటి నా చేతిలోనే ఊడిపోయింది. బృందం ముందు నవ్వులపాలయ్యాను."

"సరే."

"సరే అంటావు. పోయినసారీ సరే అన్నావు."

క్యోబాషి రైలు వంతెన కింద వాళ్ళ షాపు. క్యాబేజీ అట్లు అమ్ముతారు. పైన బండి వెళ్ళినప్పుడల్లా సాసు సీసాలు ఒకదానికొకటి తగిలి మోగుతాయి. బోర్డు మీద పేరు తెత్సురోది, పెనం దగ్గర చెయ్యి హరుయెది. మధ్యాహ్నపు గిరాకీ తగ్గాక, సాయంత్రపు గిరాకీ మొదలయ్యేలోపు, గురువారాల్లో అక్కడ "మాస్టర్ మాట" అనే కార్యక్రమం రికార్డు అవుతుంది. షాపు యజమాని కనుక అందరూ మాస్టర్ అని పిలిచే తెత్సురో, అతని స్నేహితుడు ఉసామి గారు, మధ్యలో ఒక మైకు. ఉసామి గారు రైళ్ళలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. సీసాల మోతను బట్టి పైన వెళ్ళేది ఏ బండో చెప్పగలడు. ఇద్దరూ కలిసి యొదోగావా మహిళా కుస్తీ సంస్థలో ఆ వారం ఎవరు గెలిచారు, ఎందుకు గెలిచారు, ఎవరిని గెలిపించి ఉండాల్సింది అని మాట్లాడతారు. దాన్ని ఇంటర్నెట్‌లో వినేవాళ్ళు ఒసాకా దాటి కూడా ఉన్నారు. "మాస్టర్ చూపు చాలా నిశితం" అని రాస్తుంటారు. వెనక వినిపించే క్యాబేజీ తరిగే చప్పుడు హాయిగా ఉంటుందని ఒకరెవరో రాస్తే, తెత్సురో దాన్ని మైకులో చదివి, "మా ఆవిడ కూడా ప్రసిద్ధురాలైపోయింది" అన్నాడు. ఆ మర్నాడే, "రికార్డింగప్పుడు మెల్లగా తరుగు, మైకులో పడుతోంది" అన్నాడు.

హరుయె దృష్టిలో ఆ సంస్థ చాలాకాలంగా ఒకే పొరపాటును రకరకాలుగా చేస్తోంది. ఎవరికి కోపం వస్తే వారికో కొత్త ఛాంపియన్ బెల్టు తయారు చేస్తోంది. మూడు బెల్టులున్నచోట ఓటమికి ఎవరు భయపడతారు? ఒకటి పోతే రెండోది ఉంటుంది. జంట పోటీల్లో అక్కాచెల్లెళ్ళలా తిరిగిన ఇద్దరిని వసంతకాలంలో విడగొట్టారు. వాళ్ళ స్నేహాన్ని జనం నమ్మడం మొదలుపెట్టారో లేదో, ఒకతె రెండో అమ్మాయిని కుర్చీతో కొట్టింది. ద్రోహానికి బరువు రావాలంటే ముందు నమ్మకానికి బరువు రావాలన్న సంగతి పోటీల కథ ముందుగా రాసిపెట్టేవాళ్ళకు తట్టలేదు. ఈ మాటలన్నీ "మాస్టర్ మాట"లో వినిపించినవే. పలికింది మాత్రం తెత్సురో.

మాట తడబడినప్పుడు తెత్సురోకి దాహం వేస్తుంది. "ఒక్క నిమిషం ఉసామి గారూ, గొంతు ఎండిపోతోంది" అని మైకు ఆపి వంటగదిలోకి వస్తాడు. గ్లాసు అందుకుంటూ, ఆమె వైపు చూడకుండా, "ఆ జంట సంగతి నీకేమనిపించింది?" అంటాడు, రేపటికి ఉల్లిపాయలున్నాయా అని అడిగినట్టు. ఆమె చెబుతుంది. అతను గ్లాసు ఖాళీ చేసి వెనక్కి వెళ్ళి, కుర్చీలో సర్దుకుని, "నన్నడిగితే..." అని మొదలుపెడతాడు. తొలిరోజుల్లో అది ఆమెకు ముచ్చటగానే ఉండేది. తను ఎన్నడూ వెళ్ళని ఊళ్ళకు తన మాట వెళ్ళి వస్తోందని అనుకునేది. తరువాత ఒకరోజు, పెనం మీద అట్టు తిరగేస్తుంటే, ఒక కుర్రవాడు ఆమెకు ఆమె మాటనే వివరించాడు. "ద్రోహానికి ముందు నమ్మకం ఉండాలండీ. మాస్టర్ ఎంత బాగా చెప్పారో. మీకు కుస్తీ పెద్దగా తెలియదు కాబట్టి చెబుతున్నాను," అని, పసిపిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా, చేతులు తిప్పుతూ. ఆమె విన్నది. అట్టు మాడిపోకుండా చూసుకుంది. అప్పటి నుంచి ఆమెలో ఒక అలసట చేరింది. అది నిద్రపోతే పోయే రకం కాదు. పనివల్ల వచ్చిన అలసటకు ఒళ్ళు నొప్పి పుడుతుంది; దీనికి ఎక్కడ నొప్పి అని ఎవరైనా అడిగితే ఆమె చూపించలేదు.

ఆదివారం టైటిల్ పోటీ. రుకా బెల్టు కోసం ఓకుదా హిసానో దిగుతోంది. హిసానోది దాదాపు హరుయె వయసే. రుకాకు పడడం నేర్పిందీ, లేవడం నేర్పిందీ ఆమే. పెద్ద బెల్టు ఒక్కసారి కూడా నడుముకు కట్టుకోలేదు. ఈసారి ఓడితే కుస్తీ మానేస్తానని ప్రకటించింది. అందుకే హరుయెకు ఆదివారం పోటీ జరిగే హాలులో ఉండాలని ఉంది. షాపు పెట్టిన నాటి నుంచీ ఆమె హాలుకు వెళ్ళలేదు. పిండి డబ్బాకు ఆనించిన చిన్న తెర మీదే చూస్తూ వచ్చింది. పోయినవారం అడిగింది.

"హాలుకా?" అన్నాడు తెత్సురో. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఆట అయ్యాక అందరూ ఇక్కడికే కదా వచ్చేది. పెనం ఎవరు వేడి చేస్తారు? తెర మీద చూడు, ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. నీ మంచికే చెబుతున్నాను. ఆ మెట్లు, నీ నడుము."

షాపు మీది గదిలో ఉండే అత్తగారిది మరో వాదన. "అంతా ముందే అనుకుని ఆడే నాటకం. దానికి కళ్ళనీళ్ళు పెట్టుకోవడమేమిటే?" అంటుంది, హరుయె ఆమె కాళ్ళకు కాపడం పెడుతున్నప్పుడు. అత్తగారు చెప్పింది నిజమే. ఎవరు గెలవాలో ముందే నిర్ణయిస్తారు. ఆ సంగతి తెలియని అభిమాని ఒక్కరూ లేరు. కాని ముందే నిర్ణయించేది ఫలితాన్ని మాత్రమే. వెన్ను నేలను తాకే చప్పుడును ఎవరూ రాసిపెట్టలేరు. పెళ్ళైన ఏడాదే ఈ షాపులో ఎవరు ఏ పక్క నిలబడాలో నిర్ణయమైపోయింది, అయినా నడుము నొప్పి నిజంగానే వచ్చింది కదా అని హరుయె అనుకుంది. అత్తగారితో అనలేదు. వేడినీళ్ళు మార్చింది.

హిసానోను చూసి ఆమె నేర్చుకున్నది ఒకటుంది. ఒక మనిషి మరొక మనిషిని నడుము పట్టి, వెనక్కి వంగి, తల మీదుగా ఎత్తి పడేస్తుంది. చూసేవాళ్ళు ఎత్తినామె బలానికి చప్పట్లు కొడతారు. నిజానికి బరువు మొండికేస్తే ఎవరూ ఎత్తలేరు. ఎత్తబడే మనిషి మునివేళ్ళతో నేలను తన్ని తనే ఎగురుతుంది. ఆ ఎగరడం ఎవరికీ కనపడకుండా ఎగురుతుంది. హిసానో ఎంత బాగా ఎగురుతుందంటే, ఆమెను ఎత్తిన ప్రతి పిల్లా ఆ రాత్రికి మహాబలశాలి అయిపోతుంది. ఇరవైల్లో ఉన్న రుకా కీర్తిలో సగం ఆ మునివేళ్ళదే. ఇది తెలిసిన నాటి నుంచి హరుయె ఎత్తినవాళ్ళ చేతులను కాక, ముందుగా ఎగిరినవాళ్ళ పాదాలను చూస్తుంది.

"మొదలుపెడదామా?" అన్నాడు ఉసామి గారు. తెత్సురో మీట నొక్కాడు. హరుయె చుట్టల బుట్ట పక్కన పెట్టి వంటగదిలోకి వెళ్ళి క్యాబేజీ అందుకుంది. మెల్లగా తరగసాగింది.

"ఆదివారం సంగతి సూటిగా చెబుతాను," అంటున్నాడు తెత్సురో. "హిసానో ఓడాలి."

"అది అందరూ అంటున్నదే, మాస్టర్. ఎందుకు ఓడాలో చెప్పండి."

"ఎందుకంటే... ఒక తరం పోవాలి, ఒక తరం రావాలి. అదీ సంగతి."

"వచ్చేసింది కదా. బెల్టు ఇప్పటికే రుకా దగ్గరుంది."

"ఉందనుకోండి. అయినా... ఒక్క నిమిషం, గొంతు ఎండిపోతోంది."

అతను వచ్చాడు. ఆమె కుళాయి తిప్పి గ్లాసు నింపి ఇచ్చింది. అతను తాగాడు.

"హిసానో సంగతి ఏమనిపిస్తోంది నీకు?"

ఆమె తరుగుతూనే ఉంది.

"పోయినవారం ఏదో అన్నావు. బరువు అనో ఏదో."

"అన్నాను. మీరు కాదన్నారు."

"కాదన్నాననుకో. దాన్నే కాస్త తిప్పి, ఓడాలన్నట్టు చెప్పొచ్చు కదా."

"తిప్పితే అది నా మాట కాదు. మీది మీరు చెప్పండి."

తెత్సురో ఖాళీ గ్లాసు వైపు చూశాడు. ఇంకొంచెం నీళ్ళు అడిగాడు. ఆమె ఇచ్చింది. అవీ తాగి, వేరే దారి లేక వెళ్ళి కూర్చున్నాడు.

"నన్నడిగితే," అన్నాడు, "హిసానో గొప్పతనం ఓడడంలోనే ఉంది. అలాంటివాళ్ళుంటేనే ఇల్లయినా సంస్థయినా నిలబడేది. మా ఆవిడనే చూడండి. ఇన్నేళ్ళలో ఒక్కనాడు పెనం చల్లారనివ్వలేదు. నాకిది కావాలని ఒక్క మాట అడిగి ఎరగదు. అదీ గొప్పతనం."

వంటగదిలో కత్తి ఆగింది. తనను పొగుడుతున్నాడని ఆమెకు అర్థమైంది. వ్యంగ్యం లేదు, దురుద్దేశం లేదు; మనసారా అన్నాడు. తిట్టి ఉంటే బదులు చెప్పడం తేలికయ్యేది. ఆదివారం హాలుకు వెళ్తానని వారం కిందటే తను అడిగిన మాట అతనికి గుర్తు లేకపోవడం కాదు. అడగడంగానే అతను దాన్ని లెక్కలో వేసుకోలేదు.

ఉసామి గారు నవ్వాడు. "ఏం చెల్లెమ్మా, మాస్టర్ ఇంత పొగుడుతుంటే చప్పుడు ఆపేశారేం? ఇటు రండి. మీరేమంటారు?"

ఆమె తుండుకు చేతులు తుడుచుకుని వచ్చింది. మూడో కుర్చీ లేదు. పెనం పక్కన నిలబడింది.

"హిసానో గెలవాలి అంటాను."

"ఎందుకని?"

"గెలుపు విలువ ఓడినవాళ్ళ స్థాయిని బట్టి ఉంటుంది కదండీ. ఎప్పుడూ ఓడే మనిషిని ఇంకోసారి ఓడిస్తే రుకాకు కొత్తగా ఏం వస్తుంది? జనం ఇంటికెళ్ళి అన్నం తిని పడుకుంటారు. అదే హిసానో గెలిచిందనుకోండి. ఈ చలికాలమంతా ఆ బెల్టు ఆమె దగ్గరే ఉందనుకోండి. అప్పుడు రుకా వచ్చి ఆమెను ఓడిస్తే, అది గెలుపు. ఆ పిల్ల మీద కోపంతో అనడం లేదు. ఆ పిల్ల నిజంగా ఛాంపియన్ కావాలన్నా ముందు హిసానో గెలవాలి. ఓడడం గొప్ప అంటారే, ఎప్పుడైనా గెలిచినవాళ్ళు ఓడితే అది గొప్ప. గెలవనివ్వకుండా ఉంచి, ఎంత బాగా ఓడిందో అనడం గొప్ప కాదు."

పైన బండి వెళ్ళింది. సీసాలు మోగాయి. అది ఏ బండో ఉసామి గారు చెప్పలేదు.

"బాగుంది," అన్నాడు. "కాని గెలవనివ్వరు చెల్లెమ్మా."

"గెలవనివ్వరనే నేనూ అనుకుంటున్నాను. ఏం జరుగుతుందని మీరు అడగలేదు, నేనేమంటానని అడిగారు. రెండూ వేరు."

తెత్సురో నవ్వి, మీట నొక్కి రికార్డింగు ఆపాడు. "చూశారా, ఆడవాళ్ళు ఆడవాళ్ళ పక్షమే. కన్నీళ్ళతో లెక్కలు వేస్తారు. ఇది తీసేద్దాం ఉసామి గారూ. మొదటి నుంచి మళ్ళీ మొదలుపెడదాం."

"ఉంచితే ఏం మాస్టర్? ఎప్పుడూ వినే మీ ధోరణిలాగే ఉంది," అన్నాడు ఉసామి గారు. అని, తను ఏమన్నాడో తనకే వినిపించినట్టు, టీ కప్పు చేతిలోకి తీసుకుని దానిలోకి చూడసాగాడు.

తెత్సురో మైకును పక్కకు జరిపాడు. బల్ల మీద ఒలికిన సాసును ఎంత మామూలుగా తుడిచేవాడో, అంత మామూలుగా ఆమె చెప్పినదంతా చెరిపేశాడు. కోపం కూడా లేదు. తరువాత ఆమె వైపు తిరిగి, "నువ్వు ఆ చుట్టలు పూర్తి చెయ్యి. ఆదివారం పొద్దున్నే తీసుకెళ్ళాలి," అన్నాడు.

"అయినంతవరకు బుట్టలో ఉన్నాయి," అంది హరుయె. "మిగతావాటి గొట్టాలు మీరిద్దరూ తియ్యండి. కష్టమేమీ కాదు, బొటనవేలితో నెట్టడమే."

"నీకేం పని?"

"ఆదివారం నేను హాలుకు వెళ్తున్నాను. పై అంతస్తులో టికెట్ తీసుకున్నాను. అత్తయ్యగారి దగ్గర మీ చెల్లెలు ఉంటుంది, అడిగి పెట్టాను."

ఉసామి గారు టీ కప్పులోంచి తల ఎత్తలేదు. తెత్సురో ఆమె ముఖంలో పరిహాసం కోసం వెతికాడు. అక్కడ అలసట తప్ప మరేదీ కనిపించలేదు. అది అతను రోజూ చూస్తున్న ముఖమే.

"మరి షాపు?" అన్నాడు. "ఆట అయ్యాక అంతమంది వస్తారు. ఎన్నింటికి వస్తావు నువ్వు?"

తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పడం ఆమెకు ఇష్టం లేదు. కనుక కొంచెంసేపు నిజాయితీగా ఆలోచించింది.

"హిసానో గెలిస్తే ఆలస్యంగా వస్తాను," అంది. "ఓడిపోతే, ఇంకా ఆలస్యంగా."