తిరగేసిన కోటు

"దీన్ని కూడా ఏదో ఒకటి చేసెయ్" అంటూ మా ఆయన తన పాత ఉన్ని కోటు నా ఒళ్ళో పడేసి వెళ్ళిపోయాడు. ఏదో ఒకటి అంటే సోఫాకి దిండు గలీబులట. కాలరు దగ్గర రంగు వెలిసింది, చేతుల అంచులు పీచులు లేచాయి, ఆఫీసులో చులకనగా చూస్తారని ఆయన కొత్తది కొనుక్కున్నాడు.

చెట్లు ఆకులు రాల్చడం మొదలుపెట్టగానే మా ఇంట్లో బీరువాలు ఖాళీ అవుతాయి. వాటిలోవన్నీ నా కుట్టుమిషను పక్కకి చేరతాయి. పాపకి పొట్టయిన గౌన్లు, మా ఆయన చొక్కాలు, అత్తయ్య స్వెటర్లు. చలి ముదిరేలోగా అవన్నీ బొంతలూ, దిండ్లూ, ఇంట్లో తొడుక్కునే మెత్తటి చెప్పులూ, వేడినీళ్ళ సంచికి తొడుగూ అయిపోవాలి. వచ్చినవాళ్ళెవరైనా బొంత తడిమి మెచ్చుకుంటే, ఆవిడకి ఊరికే కూర్చుంటే తోచదండీ, దమ్మిడీ ఖర్చు లేకుండా చేసేస్తుంది అని మా ఆయన గర్వంగా చెబుతాడు. నా నడుం నొప్పి ఆ లెక్కలోకి రాదు కాబోలు. అత్తయ్యది ఇంకో తీరు. బొంత బానే ఉంది కానీ గదంతా దారప్పోగులు, ఊడ్చేదెవరు అంటుంది. ఊడ్చేదీ నేనేనని ఆవిడకీ తెలుసు.

బొంత పైవైపు ఎవరి ముక్క వాళ్ళు గుర్తుపట్టి మురిసిపోతారు. ఇది నా మొదటి ఇంటర్వ్యూ చొక్కా అని ఆయన, ఇది స్కూలు నాటకంలో వేసుకున్న గౌను అని పాప. నా బట్టలు మాత్రం ఎప్పుడూ అడుగునే వేస్తాను. ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు కదా, ఒంటికి హాయిగా ఉంటుందని. పడుకున్నంతసేపూ వాళ్ళకి ఆనుకుని ఉండేవి అవే. అవి ఎవరివని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. నేనూ చెప్పలేదనుకోండి. అడగనివాళ్ళకి పనిగట్టుకుని చెప్పుకోవాలంటే నాకు ఒళ్ళు మంట.

ఈ ఏడు ఆ మంటకి ఇంకో కారణం తోడైంది. బజారు వీధి చివర పాత బట్టలు బాగుచేసే కొట్టు ఒకటుంది. దారం కొందామని వెళితే, కొట్టు నడిపే ఆవిడ నా చేతిసంచి లోపలి కుట్లు తిరగేసి చూసి, ఎవరు కుట్టారని అడిగింది. నేనేనన్నాను. చలికాలమంతా పని తెమలదు, పొద్దున్నే వచ్చి మధ్యాహ్నం దాకా కూర్చో, జీతం ఇస్తాను, సోమవారం వచ్చేదీ లేనిదీ చెప్పు అంది. కాళ్ళు నేలమీద ఆనకుండా ఇంటికొచ్చి చెబితే మా ఆయన నవ్వాడు.

"ఇంట్లో చేసే పనేగా, అక్కడికెళ్ళి చెయ్యడం దేనికి? అయినా ఆ చిరుగుల శాలువా కప్పుకుని అంత చలిలో ఎక్కడికి పోతావు?"

చిరుగులన్న మాట నిజమే. ఇంటిల్లిపాదికీ కుట్టి పెట్టే నాకు ఒక కోటు లేదు. ఆయన దెప్పాలని అనలేదు, నిజంగానే జాలిపడి అన్నాడు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. సోమవారం వెళ్ళి రాలేనని చెప్పేద్దామనే అనుకున్నాను.

దిండ్లకోసమే కోటు విప్పడం మొదలుపెట్టాను. గబగబా కత్తెర వేస్తే గుడ్డ పాడవుతుంది. కుట్టు వెంబడి కుట్టు తెంపుకుంటూ ముక్కలు విడదీయాలి. లోపలి అస్తరు ఊడి రాగానే ఉన్నిగుడ్డ వెనకవైపు కనిపించింది. ఎండ తగలని రంగు, ఇంకా దట్టంగా, కొట్లో కొన్ననాటిలా ఉంది. కిటికీ దగ్గర వెలుతురులో దాన్ని పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. దిండ్లు చేయబుద్ధి కాలేదు. ముక్కలన్నీ తిరగేసి, లోపలివైపు పైకి పెట్టి, నా భుజాలకి కొలుచుకుని మళ్ళీ కోటుగానే కుట్టాను. పీచులేచిన అంచులు కత్తిరించేస్తే చేతుల పొడవు నాకు సరిగ్గా సరిపోయింది. గుడ్డ తిరగేసేసరికి ఎడమ ముక్క కుడివైపుకీ, కుడి ముక్క ఎడమవైపుకీ వచ్చాయి. కాజాలు వాటంతటవే ఆడవాళ్ళ కోటుకి ఉండే కుడివైపుకి వచ్చి కూర్చున్నాయి.

గుండీలు కుడుతుంటే అత్తయ్య వచ్చి పక్కన కూర్చుంది. దారప్పోగుల సంగతి ఎత్తుతుందనుకున్నాను. కోటు అందుకుని కాజాలు వేలితో తడిమింది.

"మీ మామగారి కోటు నేనూ ఇలాగే తిరగేశాను. ఆడదాని కోటులా ఉందని నెలరోజులు సాధించారు. కాజాలన్నీ మూసేసి రెండోవైపు మళ్ళీ తీశాను. ఆయనే వేసుకున్నారు."

మీరు వేసుకుందామనుకున్నారా అత్తయ్యా అని అడిగాను. ఆవిడ సూదిలో దారం ఎక్కించి ఇమ్మని, చివరి గుండీ తనే కుట్టింది. చూపు ఆనదు కదా, కుట్టు వంకరపోయింది. నేను దాన్ని విప్పలేదు.

"నువ్వు మాత్రం మళ్ళీ విప్పకు" అని లేచి వెళ్ళింది.

సోమవారం పొద్దున కోటు తలుపు పక్క కొక్కేనికి తగిలించి ఉంది. మా ఆయన ఆఫీసుకి బయల్దేరుతూ చూశాడు. దిండ్లనుకుంటే కోటే కొత్తది చేసేశావే, చెప్పకుండా దాచిపెట్టావా అని సంబరపడిపోతూ చేతులు దూర్చాడు. భుజాల దగ్గర పట్టేసింది. అయినా ఊపిరి బిగపట్టి గుండీలు పెట్టుకోబోయాడు. వేళ్ళు అటూ ఇటూ తడుముకున్నాయి.

"ఇదేమిటి, గుండీలు తప్పు వైపు కుట్టావు? ఇదంతా మళ్ళీ విప్పి సరిచెయ్యాలి."

"తప్పు కాదు" అన్నాను. "అది నా కోటు."

ఆయన నవ్వబోయి, నా మొహం చూసి ఆగాడు. నెమ్మదిగా కోటు విప్పి ఇచ్చాడు. నేను వేసుకున్నాను. నా వేళ్ళు ఎక్కడా తడుముకోలేదు, వంకర గుండీ దగ్గర కూడా. ఎక్కడికి అన్నాడు. కొట్టుకి, మధ్యాహ్నం దాకా రాను అన్నాను. మరి ఇక్కడ ఇదంతా ఎవరు చూస్తారంటూ మిషను చుట్టూ పడివున్న ముక్కల కేసి చెయ్యి చూపించాడు.

నేను నోరు తెరిచేలోగా అత్తయ్య కుర్చీలోంచే కొడుకుతో అంది.

"చీపురు తలుపు వెనకాల ఉంది."