బండాపమ్మ

రాయగడలో గోవిందరావుది కొబ్బరికాయల హోల్‌సేల్ కొట్టు. ఉద్దానం నుంచి వచ్చిన లోడు దింపుకుని, చిన్న వ్యానులో నారాయణపట్న సంతకు తనే తోలుకెళతాడు. పక్క సీటులో తల్లి అప్పలకొండమ్మ. సంతలో బేరమంతా ఆవిడదే.

కొత్త వ్యాను మొదటి సంతకే కొండ మీది ఘాటీ రోడ్డెక్కుతూ ఒక మలుపులో ఆగిపోయింది. అప్పలకొండమ్మ దిగి రోడ్డు పక్క రాయికి బొట్టు పెట్టి, కాయ కొట్టింది. ఈలోగా బీడీ కాల్చుకొచ్చి గోవిందరావు తాళం తిప్పితే బండి కదిలింది. ఆ తర్వాత ప్రతి సంతకూ అక్కడే ఆగడం, కాయ కొట్టగానే కదలడం. చూసిన లారీవాళ్లూ కొట్టడం మొదలెట్టారు. కాయలు గోవిందరావు కొట్టులో కొన్నవే. బండి ఆపే అమ్మోరని రాయికి బండాపమ్మ అని పేరొచ్చింది.

అప్పుడు కంపెనీ నుంచి ఫోను. తాళం తిప్పే స్విచ్‌లో లోపముందట. ఎత్తెక్కేటప్పుడు వేడెక్కి ఇంజను ఆపేస్తుందట, ఒక్కోసారి దిగేటప్పుడూ. బళ్లన్నీ వెనక్కి రప్పించి ఉచితంగా మారుస్తారట.

"కంపెనీవోడికేటి తెల్సురా? ఆడెప్పుడైనా ఈ కొండెక్కేడా?" అంది అప్పలకొండమ్మ.

గోవిందరావూ తొందరపడలేదు. రాయి పేరు పోతే కాయలెవరు కొంటారు?

ఆ వారం సంత నుంచి దిగుతుండగా ఇంజను ఆగింది. రాయి దగ్గర కాదు, లోయ అంచున. స్టీరింగు బిగుసుకుంది. బ్రేకు తొక్కినా దిగలేదు. హ్యాండ్ బ్రేకు లాగితే వ్యాను పిట్టగోడను రాసుకుంటూ పోయి ఆగింది.

"కాయ కొట్టరా."

"అన్నీ అమ్మేసేవు కదే."

కాసేపాగి తాళం తిప్పితే స్టార్టయింది.

"అమ్మోరు మనల్ని కాయ అరువు మీద ఒగ్గీసింది," అందావిడ. కొడుకు చొక్కా పట్టుకున్న చెయ్యి మాత్రం ఇల్లు చేరేదాకా వదల్లేదు.

మర్నాడే గోవిందరావు షోరూముకెళ్లి స్విచ్ మార్పించుకొచ్చాడు.

"అమ్మోరు ఆపలేని బండి నానెక్కను," అని తల్లి గుమ్మంలో కూర్చుంది.

"ఆపకపోతే అక్కడే దిగిపోదువు గానీ, ఎక్కవే," అని బతిమాలి ఎక్కించాడు.

మలుపొచ్చింది. ఇంజను ఆగే సూచన లేదు. అప్పలకొండమ్మ ఒళ్లో కాయ పెట్టుకుని రాయి వైపే చూస్తోంది. గోవిందరావు బండిని పక్కకు తీసి, తాళం వెనక్కి తిప్పాడు. ఆగింది.

"సూసేవా? ఏ స్విచ్చి మార్చినా అమ్మోరు అమ్మోరే," అందావిడ. దిగి, కాయ కొట్టి, పాత అరువుకు ఇంకోటి కొట్టి, వచ్చి కూర్చుంది. బండి కదిలింది.

సంత దగ్గర పడుతుండగా అంది:

"వచ్చే వారం తాళం కొంచిం మెల్లిగా తిప్పరా. సప్పుడు ఇనబడతంది."