తొందరేం లేదండీ

తలుపు మళ్ళీ పద్నాలుగు అంగుళాల దగ్గర ఆగిపోయింది. కుర్చీ వెడల్పు పాతిక అంగుళాలు.

ఈ రెండు అంకెలూ రెనే హాగ్లండ్‌కి నిద్రలో లేపి అడిగినా చెప్పేంతగా వచ్చేశాయి. మీట నొక్కితే వ్యాన్ కుడిపక్క తలుపు వెనక్కి జరగాలి. పూర్తిగా జరిగాక కింద నుంచి ర్యాంప్ బయటికి రావాలి. దాని మీదుగా ఆమె కూతురు లినేయా చక్రాల కుర్చీలో లోపలికి వెళ్ళాలి. తలుపు సగంలో ఆగితే ర్యాంప్ రాదు, లినేయా ఉన్నచోటే ఉంటుంది. లోపలుంటే లోపల, బయటుంటే బయట. సెప్టెంబరులో ఒకసారి సూపర్‌మార్కెట్ ముందు గంటా నలభై నిమిషాలు లోపల ఉండిపోయింది. అక్కడున్న ఐస్‌క్రీం డబ్బా మొత్తం తినేసి, "లేకపోతే కరిగిపోయేది," అంది.

షోరూంకి తీసుకెళ్ళడం ఇది ఆరోసారి. మొదటిసారి జాబ్ కార్డు మీద 'తేడా ఏమీ కనపడలేదు' అని రాసిచ్చారు. రెండోసారి కంప్యూటర్ తగిలించి అందులోకి ఏదో కొత్తది ఎక్కించారు. మూడోసారి మోటారు మార్చారు. నాలుగోసారి, ఆ మార్చిన మోటారుని మార్చారు. ఐదోసారి, అంటే మొన్న గురువారం, కడిగి ఇచ్చారు. వ్యాన్ తళతళలాడింది. శుక్రవారం సాయంత్రానికి తలుపు పద్నాలుగు అంగుళాలు.

ప్రతిసారీ ఇంటికొచ్చాక ఫోన్ వచ్చేది. మా సేవకు పదికి ఎన్ని మార్కులు వేస్తారు? రెనే ఐదుసార్లూ పది వేసింది. తొమ్మిది వేసినా తప్పినట్టేనని కౌంటర్లో ఉండే డెరిక్ ముందే చెప్పాడు. డెరిక్ మంచివాడు. వాళ్ళమ్మ రెనేతో పాటు చర్చిలో పాడుతుంది. అలాంటివాడికి తొమ్మిది ఎలా వేస్తారు?

శనివారం పొద్దున తలుపు ఎందుకో దయతలిచి పూర్తిగా తెరుచుకుంది. రెనే దాన్ని నమ్మలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకి యాభై మైళ్ళ దూరాన డులూత్‌లో వీల్‌చైర్ కర్లింగ్ జట్టుకి ఎంపిక ఉంది. మంచు మీద బరువైన గుండ్రాయిని పొడుగాటి కర్రతో తోసి గురి చూసి ఆపే ఆట అది. ఎంపిక రెండేళ్ళకోసారి. లినేయాకి పదిహేడేళ్ళు. నాలుగేళ్ళుగా వారానికి మూడు రోజులు ఆ మంచు మీదే ఉంటోంది. డులూత్ చేరాక తలుపు బిగుసుకుంటే, వ్యాన్ అద్దంలోంచి ఆట జరిగే భవనాన్ని చూడాల్సిందే.

అందుకే ఎనిమిదింటికల్లా షోరూంలో ఉన్నారు. షోరూం వాళ్ళ షెడ్డులో వ్యాన్ తలుపు బుద్ధిగా తెరుచుకుంది. అక్కడ దానికి ఎప్పుడూ బుద్ధే.

"గంటలో తేల్చేస్తాం రెనే గారూ," అన్నాడు డెరిక్. "కాస్త ఆగగలరా?"

"తొందరేం లేదండీ," అంది రెనే.

లినేయా మెడ తిప్పి తల్లిని చూసింది. "అమ్మా, తొందర ఉంది."

"ఊరికే అన్నాలే."

"ఊరికే ఎందుకు అనడం?"

అది అక్కడి అలవాటు. ఆ పక్క ఊళ్ళలో పళ్ళు పీకేవాడితోనైనా, పైకప్పు కారుతుంటే వచ్చిన మేస్త్రీతోనైనా ముందు ఆ మాట అన్నాకే మిగతా మాట. ఇల్లు తగలబడుతున్నా ఫైరింజన్‌కి ఫోన్ చేసి, మీకు వీలైనప్పుడే రండి అనే రకం మనుషులు.

వెయిటింగ్ హాల్లో కిటికీ పక్క కుర్చీలో ఆర్విడ్ కిన్నునెన్ ఉన్నాడు. ఆయన ఎప్పుడూ ఉంటాడు. ఆయన ఆకుపచ్చ వ్యాన్‌కి ఏదో సెన్సారు రావాలి. మూడేళ్ళయింది, ఇంకా రాలేదు. మొదటి చలికాలంలోనే ఆయన కాళ్ళకి చెట్టులా వేళ్ళు దిగాయి. ఇప్పుడవి మణికట్టంత లావున బూట్లని చీల్చుకుని, టైల్స్ పగలగొట్టుకుని నేలలోకి పోయాయి. చీలమండల దగ్గర తెల్లటి బిర్చ్ చెట్టు బెరడు పొరలు పొరలుగా లేస్తోంది. భుజాల మీద కొమ్మలు సన్నగానే ఉన్నాయి గానీ అక్టోబరు కదా, ఆకులన్నీ పసుపురంగుకి తిరిగి పక్కనున్న పత్రికల మీద రాలుతున్నాయి. ఊడ్చే బెవ్ వాటిని చేటలోకి ఎత్తి, ఆయన మొదలు దగ్గర రెండు చెంబుల నీళ్ళు పోసి వెళ్తుంది. క్రిస్మస్‌కి షోరూం వాళ్ళు ఆయనకి దీపాల తోరణం కడతారు. కస్టమర్ల పిల్లలకి ఇష్టం.

"మళ్ళీ తలుపేనా అమ్మాయ్?" అన్నాడు ఆర్విడ్.

"తలుపేనండీ. మీకేమైనా తెలిసిందా?"

"వచ్చే వారం అంటున్నారు." ఆయన నవ్వాడు. "పాపం, వాళ్ళ ఇబ్బందులు వాళ్ళవి."

పదింటికి డెరిక్ వచ్చాడు. "మా మెకానిక్ ఇరవైసార్లు తెరిచాడండీ. ఇరవైసార్లూ తెరుచుకుంది. మీరు మీట ఎలా నొక్కుతారు?"

"ఎలా నొక్కడమేంటి? బొటనవేలితో."

"మావాడు చూపుడువేలితో నొక్కాడు," అన్నాడు డెరిక్ ఆలోచనగా. "రాసుకుంటానుండండి."

రెనేకి చిర్రెత్తుకొచ్చింది. ఆ చిరాకులోనే, "పర్లేదు, నిదానంగా చూడండి," అంది.

లినేయా కళ్ళు మూసుకుని పది లెక్కపెట్టింది. పైకే.

పదకొండు దాటింది. రెనే కాఫీ తాగింది, రెండోది తాగింది, టీవీలో ఎవరో వంటింటి గోడ పడగొడుతుంటే చూసింది. లేచి కౌంటర్ దాకా వెళ్ళి కనుక్కుందామనుకుంది. ఇప్పుడే కదా కనుక్కున్నాం, బాగుండదు అనుకుంది. అలా మూడుసార్లు అనుకుంది. మూడోసారి, ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్న ఆట కర్రతో లినేయా ఆమె బూటు మీద తట్టింది.

"అమ్మా, కింద చూసుకో."

ఎడమ బూటు మడమ దగ్గర నుంచి దారమంత తెల్లటి వేరు ఒకటి బయటికొచ్చి, టైల్స్ సందులోకి తల దూర్చింది. కుడి బూటుకి రెండు.

అటుగా వచ్చిన బెవ్ వంగి చూసింది. "ఇవాళ దిగినవేనా? మెత్తగానే ఉంటాయిలే. నీళ్ళు కావాలా?"

"వద్దండీ, మీకెందుకు శ్రమ," అంది రెనే. కుడికాలి వేరు ఒకటి ఇంకో అంగుళం దిగింది. లినేయా తన కాళ్ళకేసి చూసుకుంది. అవి కుర్చీ పాదపీట మీద ఉన్నాయి, నేలకి జానెడు ఎత్తున, శుభ్రంగా.

"నయం," అంది. "ఇంట్లో ఒక్కరమైనా మిగులుతాం."

పదకొండున్నరకి డెరిక్ మళ్ళీ వచ్చాడు, చేతిలో వేరే కారు తాళాలతో. "కంపెనీకి రాశామండీ. జవాబు సోమవారానికి గానీ రాదు. వ్యాన్ ఇక్కడే వదిలేయండి. అందాకా ఈ కారు వాడుకోండి."

అద్దంలోంచి ఎర్రటి కారు కనపడుతోంది. రెండు తలుపులది. ఇద్దరు మనుషులు గట్టిగా ఊపిరి పీలిస్తే బిగుసుకుపోయేంత కారు.

"ఇందులో కుర్చీ ఎక్కడ పెట్టమంటారు?" అంది రెనే.

"డిక్కీలో పట్టదంటారా? మడిస్తే?"

"ఈ కుర్చీ మడతపడదు," అంది లినేయా. "నేనూ మడతపడను."

డెరిక్ నీళ్ళు నమిలాడు. "అంటే, మీరు తొందరేం లేదన్నారు కదా అని..."

రెనే నోరు తెరిచింది. అలవాటైన మాట నాలుక చివరికి వచ్చేసింది కూడా. గోడ గడియారంలో పదకొండూ ముప్ఫై మూడు. అద్దం మీద ఆర్విడ్ ఆకు ఒకటి రాలి అంటుకుంది.

"తొందర ఉంది," అంది.

"ఏంటండీ?"

"నాకు తొందరగా ఉంది డెరిక్. పొద్దున ఎనిమిదింటికి కూడా తొందరే. ఆగస్టు నుంచీ తొందరే."

తడిమట్టిలోంచి ముల్లంగి పీకినట్టు కింద చిన్న శబ్దమైంది. రెనే కాళ్ళు తేలికయ్యాయి. హాల్లో ఉన్న నలుగురూ మర్యాదగా టీవీ వైపు తిరిగారు.

డెరిక్ దగ్గరున్న తన వ్యాన్ తాళాలు లాక్కుని కూతురితో బయటికి నడిచింది. బయట నిలిపిన వ్యాన్ దగ్గర బొటనవేలితో మీట నొక్కింది. తలుపు జరిగింది, మూలిగింది, పద్నాలుగు అంగుళాల దగ్గర ఆగిపోయింది. షోరూం దగ్గర అలా ఆగడం అదే మొదటిసారి. చూపుడువేలితో కూడా నొక్కింది. అది ఒప్పుకోవడానికి తర్వాత సిగ్గుపడింది గానీ, నొక్కింది.

లోపల నుంచి ఎవరో అద్దం మీద తడుతున్నారు. ఆర్విడ్. రెనే పరుగున లోపలికి వెళ్ళింది.

"నాకెందుకులే గానీ అమ్మాయ్, తలుపు జరిగే కింది గాడిలో రోలర్ అది. చలికాలం మంచు కరగడానికి రోడ్డు మీద చల్లే ఉప్పు దాన్ని తినేసింది. వెచ్చగా ఉన్న షెడ్డులో పెడితే జరుగుతుంది, చలికో తడికో బిగుసుకుంటుంది. వీళ్ళేమో షెడ్డులో చూస్తారు."

"మీకెలా తెలుసు?"

"నలభై ఏళ్ళు గని లారీలు బాగుచేశాను. ఆగస్టులో నువ్వు మొదటిసారి వచ్చినప్పుడే ఆ మూలుగు విన్నాను."

రెనే ఆయన్ని చూసింది. ఆగస్టు. రెండు మోటార్లు. ఐస్‌క్రీం డబ్బా. "మరి చెప్పలేదేం?"

ఆర్విడ్ చెవులు ఎర్రబడ్డాయి. "వాళ్ళ పనిలో నేను తలదూర్చడం బాగుండదు కదా. పైగా నువ్వూ అడగలేదు."

ఈ మనిషిని ఇక్కడే నరికి పొయ్యిలో పెట్టినా తప్పు లేదనిపించింది రెనేకి. ముక్కుతో గట్టిగా ఊపిరి వదిలింది. "ఇప్పుడు అడుగుతున్నాను. బాగుచేయగలరా?"

"ఇరవై నిమిషాల పని. గ్రీజు, సామాన్లు నా వ్యాన్‌లోనే ఉన్నాయి. కానీ..." అని కాళ్ళ వైపు చూపించాడు.

"అయితే మీరూ అనండి."

"ఏమని?"

"తొందరగా ఉందని."

"నాకు నిజంగా ఏం తొందర ఉంది చెప్పు," అన్నాడాయన ఇబ్బందిగా. "సెన్సారు ఎలాగూ వచ్చే వారం..."

వెనకే వచ్చిన లినేయా కుర్చీని ఆయన మోకాళ్ళకి ఆనించి ఆపింది. "తాతగారూ, నాకు బోలెడంత ఉంది. కాస్త అరువిస్తాను, వాడుకోండి."

ఆర్విడ్ గొంతు సవరించుకున్నాడు. "డెరిక్, నాయనా, నీకు వీలు చిక్కితే..."

నేలలోకి దిగిన వేళ్ళు కదల్లేదు.

"మళ్ళీ," అంది లినేయా.

"మరీ అంత అవసరమని కాదు గానీ..."

"మళ్ళీ!"

డెబ్బై నాలుగేళ్ళలో ఎన్నడూ గొంతెత్తని మనిషి కుర్చీ చేతులు రెండూ పట్టుకుని అరిచాడు. "ఒరే డెరిక్! నాకు తొందరగా ఉందిరా!"

టైల్స్ పటపటమని పగిలాయి. ఉన్న ఆకులన్నీ ఒక్కసారిగా రాలి హాలంతా పసుప్పచ్చగా అయింది. ఆర్విడ్ లేచి నిలబడ్డాడు, తూలాడు, పగిలిన టైల్స్‌ని చూసి "అయ్యో, క్షమించాలి," అన్నాడు. బెవ్ చేట తేవడానికి వెళ్ళింది.

ఇరవై రెండు నిమిషాలు పట్టింది. కాళ్ళకి వేలాడుతున్న వేళ్ళ నుంచి మట్టి రాలుతుండగా ఆర్విడ్ నేల మీద వెల్లకిలా పడుకుని, తుప్పు పట్టిన రోలర్‌ని బయటికి లాగి, గీకి, గ్రీజు పట్టించి మళ్ళీ ఎక్కించాడు. చల్లగాలి వీస్తోంది. రెనే మీట నొక్కింది. తలుపు చప్పుడు లేకుండా చివరిదాకా వెళ్ళింది. ర్యాంప్ నాలుకలా బయటికొచ్చింది. ఆర్విడ్‌ని అక్కడ వదిలేస్తే మళ్ళీ ఆ కుర్చీలోనే కూర్చుంటాడని తెలుసు కాబట్టి, రెనే ఆయన్ని ముందు సీట్లోకి తోసి బెల్టు పెట్టింది.

డెరిక్ గుమ్మం దాకా వచ్చాడు. "రెనే గారూ, సర్వే ఫోన్ వస్తుంది. పదికి పది, మర్చిపోకండి!"

పన్నెండూ యాభై ఏడుకి డులూత్‌లో ఉన్నారు. లినేయా ఎనిమిది రాళ్ళు తోసింది. రెండు గురి తప్పాయి, ఆరు తప్పలేదు. నలుగురాడే జట్టులో ఐదో స్థానం దొరికింది. "అంటే బెంచీ మీద కూర్చునేదాన్ని," అంది తల్లితో. "పర్లేదు, కూర్చోవడం నాకు బాగా వచ్చు." ఆర్విడ్ గట్టు మీద నిలబడే ఆట మొత్తం చూశాడు. కుర్చీ చూపిస్తే వద్దన్నాడు.

సోమవారం ఫోన్ వచ్చింది. అవతల చాలా మర్యాదైన ఆడగొంతు. మా సేవకు పదికి ఎన్ని మార్కులు వేస్తారు?

రెనే వంటింట్లో నిలబడి ఉంది. నోట్లో పది సిద్ధంగా ఉంది. ఒకసారి తన కాళ్ళ వైపు చూసుకుంది.

"రెండు," అంది.

"క్షమించండి, రెండా?"

"రెండు. అందులో ఒకటి కాఫీకి."

ఆ వారంలో డెరిక్ మూడుసార్లు ఫోన్ చేశాడు. వాళ్ళమ్మ చర్చిలో పక్కన నిలబడి పాడుతూ రెనే వైపు చూడలేదు. శుక్రవారం నాడు షోరూం నుంచి డజను మఫిన్లు వచ్చాయి, రంగు కాగితంలో చుట్టి, మార్కులు మార్చడానికి ఇంకా వారం గడువుందని చీటీ పెట్టి. మఫిన్లు బాగున్నాయి. రెనే, లినేయా, ఆర్విడ్ కూర్చుని పన్నెండూ తినేశారు.

మార్కులు మాత్రం రెండే.