చేపల బండి మైకులో నా మాటలు

ముందే చెబుతున్నాను, నా రాతలో ఒత్తులు తప్పిపోతాయి, దీర్ఘాలు మరిచిపోతాను. యాభై దాటాక మా మహిళా సంఘం బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. ఒక్క పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది, రాసింది తిరిగి చదువుకోవడానికి ఇంకో పూట. ఓపికతో చదవండి. ఇంత తిప్పలెందుకు, నోటితో చెప్పొచ్చు కదా అంటారేమో. నోటితో చెప్పడం వల్లనే ఇదంతా జరిగింది.

మాది అలియాబాద్ పక్కన ఊరు. మా ఆయన మొగులయ్య చెరువులో వల వేసేవాడు, నేను అమ్మేదాన్ని. ఆయన పోయాక మా మరిది కొడుకు బాలరాజు ట్రాలీ బండి నడుపుతుంటే, నేనూ మా ఆడబిడ్డ బుచ్చవ్వా వెనక కూర్చుని తిరుగుతున్నాం. రోడ్డు పక్కన పెడితే ఎండకు సగం చేపలు పాడయ్యేవి. పోయిన ఏడాది బౌరంపేట్‌లో ఒక గేటెడ్ కాలనీ వాళ్లు ఆదివారాలు లోపలికి రానిచ్చారు. ఆ ఒక్క పూట అమ్మకంతోనే మా రెండిళ్లూ వారమంతా గడుస్తాయి.

ఆ కాలనీ సంఘానికి ప్రెసిడెంటు కామేశ్వరమ్మ గారు. భీమవరం వైపు వాళ్లు. ఆవిడ సరేనంటేనే మాకు గేటు తెరుచుకునేది. నోటితో అరవొద్దు, మైకు పెట్టుకోండి, అదీ తక్కువ సౌండుతో అని ఆవిడే షరతు పెట్టారు.

ఒక శనివారం సాయంత్రం, కొత్త కేక రికార్డు చేద్దామన్నాడు బాలరాజు. ఫోను బోర్లించిన బకెట్ మీద పెట్టి, "మాట్లాడు పెద్దమ్మా" అన్నాడు. చేపలమ్మా చేపలు, రవ్వ, బొచ్చె, కొర్రమట్ట, కోసి ఇస్తాం అని నేను కేక వేశాను. అంతలో ఎవరో పిలిస్తే వాడు బయటకు పోయాడు. ఫోను ఆగిపోయిందనుకుని నేనూ బుచ్చవ్వా ఐసు పెట్టెలు కడుగుతూ కబుర్లలో పడ్డాం. బాలరాజు తర్వాత వచ్చి మొదటి నాలుగు ముక్కలు విని, బాగుందని మైకు చిప్పులోకి ఎక్కించాడు.

తెల్లారి క్లబ్‌హౌస్ ముందు బండి ఆపాం. బాలరాజు మైకు పెట్టి, బండి తలుపు తాళం వేసి, ముందే అడిగిన వాళ్లకు చేపలివ్వడానికి చివరి బ్లాకుకు పోయాడు. గిన్నెలు పట్టుకుని జనం వరసలో నిలబడ్డారు. కామేశ్వరమ్మ గారే ముందున్నారు. కేక అయిపోయింది. తర్వాత మైకులో బుచ్చవ్వ గొంతు వినిపించింది.

"ఏం వదినె, ఈసారి ఓటెవరికేస్తవ్?"

"ఎవరికేస్తే ఏంది. మొన్న గెలిచినాయన ఓట్లప్పుడు నా చేతిల చేప తీసుకొని ముద్దు పెట్టుకుండు, ఫొటో దిగిండు. గెలిచినంక మోరీ నీళ్లు ఇండ్లళ్లకొస్తున్నయని చెప్పవోతే నా దిక్కు సూసి ముక్కు మూసుకుండు."

నా చేతిలో కత్తి ఆగిపోయింది. కేక వేసేటప్పటి గొంతు వేరు. ఇది ఇంట్లో మాట్లాడుకునే గొంతు. ఐసు పెట్టెలు కడుగుతూ మాట్లాడుకున్నదంతా ఫోనులో పడిందని అప్పుడు తెలిసింది.

"గేటు కాడ సూడు, చేపలమ్మేటోళ్లకు ఫొటో దించుతరు, ఆధార్ అడుగుతరు. గట్ల నామినేషన్ ఏసేటోణ్ణి అడగాలె."

వరసలో ఎవరో నవ్వారు. మైకు ఆపే మీట బండి లోపలుంది, నేను ముందుకు పరుగెత్తి తలుపు లాగాను. రాలేదు.

"సినిమాకు పోదామంటివి గద వదినె."

"ఏమున్నదే సూడనీకి. హీరో అంతమందిని నరుకుతడు, అంగీ మీద మరక వడది. నేనొక్క రవ్వ కోస్తే చీరె ఖరాబైతది. గాయన బట్టలు ఎవరుతుకుతరో అడగాలె."

ఇప్పుడు అందరూ నవ్వుతున్నారు. ఇళ్లలోంచి కూడా బయటకు వస్తున్నారు. కొందరు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. నేను గోనెసంచి తీసి మైకు మీద కప్పాను. బుచ్చవ్వ తన కొంగు కూడా కుక్కింది. అయినా మాట వినిపిస్తూనే ఉంది.

"గా ప్రెసిడెంటమ్మ ఏమంటాంది?"

"వాసన రావొద్దంటది. ఇగ చేపలకు పౌడరు పూసి తేవాలె. గామె మీటింగుల మాట్లాడవడితే కుర్చీలు గూడ లేచి పోతయంట."

నేను కామేశ్వరమ్మ గారి వైపు చూసి దండం పెట్టాను. గేటు పోయిందని అప్పుడే అనుకున్నాను. ఆవిడ మాత్రం చిన్నగా నవ్వారు.

"కానివ్వు సత్తమ్మా, విననీ. మా మొహాన ఎవరూ చెప్పరుగా" అన్నారు.

అంతటితో ఆగితే బాగుండేది.

"గామె కోడలు శ్రీదివ్య మాత్రం బంగారమే. నేను ఎండల నిలవడితే చాయ్ తెచ్చిస్తది. లోపల ఎంత పరేషాన్ ఉన్నదో పాపం. మొగని నౌకరి పోయి నెలలాయె. రోజు బ్యాగు తగిలిచ్చుకొని పోయి, పేట్ బషీరాబాద్‌ల ఏడనో కూసొని, పొద్దుగూకంగ వస్తడంట. అత్తకు తెల్వది. ఎవ్వలకు చెప్పకు ఆంటీ అని నా చెయ్యి వట్టుకున్నది. నువ్వు గూడ ఎవ్వలకు చెప్పకే."

"నేనెవ్వలకు చెప్త" అంది మైకులో బుచ్చవ్వ.

నవ్వులు ఆగిపోయాయి. శ్రీదివ్య చాయ్ గ్లాసుతో వస్తూ దారిలో నిలబడిపోయి ఉంది. నా వైపు చూసింది. ఆ చూపు తిట్టినట్టు లేదు, నేనెవరో తెలియనట్టు ఉంది. గ్లాసు పక్కనున్న గోడ మీద పెట్టి వెనక్కి వెళ్లిపోయింది.

బాలరాజు ఉరికొచ్చి మైకు ఆపాడు. కామేశ్వరమ్మ గారు గిన్నె ముందుకు చాపారు.

"రెండు కిలోలు రవ్వ. తలకాయ వేరే పెట్టు."

గొంతు ఎప్పటిలాగే ఉంది. నేను కత్తి ముట్టలేకపోతే బుచ్చవ్వే కోసి ఇచ్చింది. మిగిలిన వాళ్లు గబగబా కొనుక్కుని పోయారు.

మేము తిరిగి వస్తుంటే గేటు దగ్గర వాచ్‌మన్ బండి ఆపాడు. మేడమ్ ఆగమన్నారట. ఆవిడ ఒక్కరే నడిచి వచ్చారు. నేను బండి దిగి ఆవిడ కాళ్ల మీద పడబోయాను.

"అమ్మా, తప్పయింది. మా కడుపు మీద కొట్టకుండ్రి."

"లే. మావాడి ఉద్యోగం పోయిన సంగతి నాకెప్పుడో తెలుసు."

నేను లేచి నిలబడ్డాను.

"రోజూ క్యారేజీ కట్టేది నేనే కదా. ఇదివరకు సగం అలాగే తెచ్చేవాడు, తినే తీరిక లేదని. ఇప్పుడు కడిగినట్టు తెస్తున్నాడు. తీరిగ్గా కూర్చుని తింటున్నాడంటే ఆఫీసు లేనట్టేగా. వాళ్లంతట వాళ్లు చెప్పేదాకా ఆగుదామనుకున్నాను. నా ముందు తలెత్తుకు తిరగనీలే అని. నువ్వేమో మైకులో పెట్టావు."

ఆ మాట అని ఆవిడ తమ ఇంటి వైపు తిరిగి చూశారు.

"ఇగ మమ్మల్ని రావొద్దంటరా అమ్మా?"

"నువ్వు రాకపోతే ఏమనుకుంటారు? ఉన్నమాట అన్నందుకు తరిమేశామంటారు. వచ్చే ఆదివారం రా. క్లబ్‌హౌస్ దగ్గర కాదు, మా ఇంటి ముందు పెట్టు బండి. మైకు మాత్రం వద్దు."

దారిలో బాలరాజు, "గేటు దక్కింది పెద్దమ్మా, ఇంక గట్లెందుకున్నవ్" అన్నాడు. "నేనైతే ఎవ్వలకు చెప్పలే వదినె" అంది బుచ్చవ్వ. తిట్టిన మనిషి తట్టుకుంది. మెచ్చుకున్న పిల్ల ఇల్లు బజారులో పడింది. అది ఎంత తలచుకున్నా నాకు కొరుకుడు పడలేదు.

తర్వాతి ఆదివారం ఆవిడ చెప్పినట్టే వాళ్లింటి ముందు ఆపాం. కొడుకు సుజిత్ కుర్చీ తెచ్చి వాళ్లమ్మకు వేసి, బండి పక్కనే నిలబడ్డాడు. ఒకాయన ఉద్యోగం గురించి అడిగితే, "వెతుక్కుంటున్నానండీ" అని మామూలుగా చెప్పాడు. కామేశ్వరమ్మ గారు వీధంతా చూస్తూ కూర్చున్నారు.

శ్రీదివ్య రాలేదు. ఇప్పటికీ రావడం లేదు. చేపలు సుజిత్ బాబే తీసుకుపోతాడు. మేడ మీద తలుపు వేసి ఉంటుంది. కిందికొచ్చి తిట్టినా బాగుండునని నేను వారం వారం ఎదురుచూస్తున్నాను.

సత్తమ్మ, అరవై ఒకటో ఏడు. ఇప్పుడు శామీర్‌పేటలో బాలరాజు ఇంట్లో ఉంటున్నాను.