ఆహ్వానించువారు

ఉల్లిపాయలు తరుగుతుంటే మా ఆయన జోజిబాబు ప్రెస్సు నుంచి కార్డు నమూనా తెచ్చి కత్తిపీట పక్కన పెట్టాడు.

"టీచరువి గదా, తప్పులేమన్నా ఉన్నయ్యేమో చూడు. అట్టాగే కాసింత టీ పెట్టు."

నా చెల్లెలు షైని ప్రథమ వర్ధంతి జ్ఞాపకార్థ కూడిక కార్డు అది. ఒత్తులు సరిగానే ఉన్నాయి. అడుగున ఆహ్వానించువారు: భర్త యేసురాజు. ఆ కింద, అక్కాబావలు: జోజిబాబు దంపతులు.

యేసురాజు బెయిలు మీద బయట ఉన్నాడు. షైని బాత్రూంలో జారిపడిందని గంపలగూడెంలో వాళ్ళవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. ఆ రోజు ఆటోలో తిరువూరు ఆసుపత్రికి తెస్తుంటే దాని తల నా ఒళ్ళో ఉంది. "ఆయనే కొట్టాడక్కా" అంది. మళ్ళీ మాట్లాడలేదు. విన్నది నేనొక్కదాన్నే. సోమవారం కోర్టులో ఆ మాట చెప్పాలి.

చెప్పొద్దని ఎవరూ నేరుగా అనలేదు. "పోయిన పిల్ల ఎట్టాగూ రాదు, ఉన్నోడి బతుకు చూడాలి గదమ్మా" అంది మా అత్తగారు హన్నమ్మ, నేను కలిపిచ్చిన అన్నం తింటూ. సెలవు అడిగితే హెడ్మాస్టరు, "కోర్టులూ అవీ మీకెందుకు మేడం" అన్నారు. జోజిబాబైతే, "ఆటో మోతలో అసలు సరిగ్గా విన్నావా?" అన్నాడు. అన్నం వారుస్తున్నా, పిల్లల పుస్తకాలు దిద్దుతున్నా, ఏడాదిగా ఆ ప్రశ్న నా వెంటే ఉంది. చివరి బెంచీలో గుసగుసలాడినా నాకు వినపడుతుందని బడిలో అందరికీ తెలుసు. ఇంట్లో మాత్రం నా చెవుల మీద ఎవరికీ నమ్మకం లేదు.

"అతని పేరెందుకు వేశారు?" అన్నాను.

"పెళ్ళయినదానికి భర్త పేరు కాక ఎవరి పేరేస్తారే? మనలో పద్ధతి అదేగా. పాస్టరుగారు కూడా క్షమించమనే అంటన్నారు. భోజనాలకి మటన్ వాళ్ళే పంపుతారంట. వంట నువ్వు చూసుకో, చాలు."

షైనిని చంపినవాడు మాంసం పంపుతాడు. షైని పేరు మీద నేను వండాలి. వాడు నా ఇంటి ముందు నిలబడి అందరినీ కూర్చోమంటాడు.

ఉల్లిపాయలు సగంలో వదిలేసి, చేతులు కడుక్కుని, బస్టాండు దగ్గరి ప్రెస్సుకు నడిచి వెళ్ళాను. కార్డు అడుగున ఉన్న ఆ రెండు వరుసలూ ఎర్ర పెన్నుతో కొట్టేసి ఇచ్చాను. అక్కడి కుర్రవాడు తల గోక్కున్నాడు.

"భర్తగారి పేరు లేకపోతే ఎట్టా మేడం? పోనీ, సార్ పేరన్నా ఉంచనా?"

"వద్దు. అక్క రిబ్కా అని వెయ్యి."

"ఒక్క మీ పేరేనా?"

"అవును."

అతను టైపు చేశాడు. తెల్లటి తెరమీద నా పేరు ఒంటరిగా కనిపించింది. సోమవారం కోర్టు గుమ్మంలో నిలబడి బంట్రోతు పిలిచేదీ ఆ ఒక్క పేరే.

పలుకుతాను.